తూము తలుపు ఎవరి చేతిలో ఉంది?

మావాడి బూట్లు గరాజ్‌లో గోడకి ఆనించి ఉన్నాయి. శుభ్రంగా కడిగి, లోపల పాత పేపర్లు కుక్కి ఎండబెట్టాడు. పద్నాలుగేళ్ళ మగపిల్లాడు ఎవరూ చెప్పకుండా తన బూట్లు తనే కడుక్కున్నాడంటే ఏదో జరిగిందనే అర్థం. ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూశాను. మామూలు బురద వాసన కాదు. తడి సిమెంటు, కుళ్ళిన ఆకులు, కాస్త పెట్రోలు కలిసిన వాసన.

“నిన్న ఎక్కడికెళ్ళావురా?” అని అడిగాను.

“ట్రెయిల్‌కి.”

“ట్రెయిల్ మీద సిమెంటు వాసన రాదే!”

కాసేపు నసిగాడు. నేను కదలకపోయేసరికి ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. గుండ్రటి సిమెంటు గొట్టం. నడుములు వంచి నడుస్తున్న ముగ్గురు పిల్లలు. తలలకి కట్టుకున్న లైట్లు. అడుగున చీలమండలు తడిసేంత నీళ్ళు. ఒకడు తుమ్మితే ఆ తుమ్ము గొట్టం చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. ముగ్గురూ పగలబడి నవ్వారు. ఒకచోట పైనున్న ఇనప జాలీలోంచి ఎండ చారలు చారలుగా దిగుతోంది. అంతలో ఏదో కారు వాళ్ళ తలల మీదుగా దడదడమంటూ వెళ్ళింది.

“అది మన వీధేనమ్మా. మనం రోజూ స్కూలుకి వెళ్ళే రోడ్డు. కింద నించి చూస్తున్నాం” అన్నాడు. వాడి మొహంలో భయం, గర్వం రెండూ ఉన్నాయి. ఇది మూడోసారట.

నిజం చెప్పాలంటే నాకు మొదట కోపం రాలేదు. ఆ ఎండ చారలు చూసి, నేను కూడా అక్కడ ఉంటే బాగుండేది అనిపించింది. భయం తర్వాత వచ్చింది. వచ్చాక మాత్రం పోలేదు.

మా నాన్నగారు అప్పుడే ఇండియా నుంచి వచ్చి నెల్లాళ్ళయింది. కృష్ణా డెల్టా కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మా మాటలన్నీ వింటున్నారు. ఫోన్ ఇలా ఇవ్వమని వీడియో రెండుసార్లు చూసి, మనవణ్ణి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

“ఆ తూముకి తలుపు ఎవరి చేతిలో ఉంది?”

“తలుపు లేదు తాతయ్యా. ఎప్పుడూ ఓపెన్‌గానే ఉంటుంది.”

“తలుపు లేని తూము ఉండదు నాన్నా” అన్నారాయన. అని ఊరుకున్నారు.

*

మేముండేది వర్జీనియా రాష్ట్రంలో హెర్న్‌డన్ అనే చిన్న ఊళ్ళో. డల్లెస్ విమానాశ్రయానికి పక్కనే. (టెక్సస్‌లో ఉన్న డల్లస్ అనుకుని మా బంధువులు ఇప్పటికీ పొరబడుతుంటారు.) ఒకప్పుడు ఇది పాడిపశువుల ఊరు. ఇక్కడి పాలు రైల్లో వాషింగ్టన్ వెళ్ళేవి. ఆ రైలు పట్టాలు తీసేసిన దారే ఇప్పుడు మేమంతా సాయంత్రాలు నడిచే డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్. 1962లో విమానాశ్రయం వచ్చింది, వెనకే కాలనీలు, ఆఫీసులు, పార్కింగ్ లాట్లు వచ్చాయి. వాటితోపాటు మనవాళ్ళం కూడా వచ్చాం.

ఊరి మధ్యలోంచి షుగర్‌లాండ్ రన్ అనే వాగు పారుతుంది. ఈ వైపు చిన్న వాగుల్ని “రన్” అంటారు. అది ఉత్తరంగా వెళ్ళి పొటోమాక్ నదిలో కలుస్తుంది, ఆ నది చెసపీక్ అఖాతంలో కలుస్తుంది. మా వీధిలో వాన పడితే ఆ నీరు రోడ్డు అంచున ఉన్న సందులోకి జారి, నేల కింద గొట్టాల్లో పడి, ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకి పోతుంది. ఇళ్ళలోని మురుగుకి వేరే గొట్టాలు, వేరే దారి. మ్యాన్‌హోల్ మూతల మీద ఏది వాన నీటిదో, ఏది మురుగుదో పోతపోసి రాసి ఉంటుంది. మావాళ్ళు దూరింది వాన నీటి గొట్టంలోకి, అది వాగులోకి నోరు తెరిచే చోటు నుంచి.

ఈ ఊరి పేరు వెనక ఒక కథ ఉంది. విలియం లూయిస్ హెర్న్‌డన్ అని అమెరికా నౌకాదళంలో అధికారి ఒకాయన. 1851లో అమెజాన్ నది లోయని శోధించడానికి వెళ్ళి, ఆ ప్రయాణం గురించి పుస్తకం రాశాడు. తర్వాత ఎస్‌ఎస్ సెంట్రల్ అమెరికా అనే ఓడకి కెప్టెన్ అయ్యాడు. 1857 సెప్టెంబరులో, కాలిఫోర్నియా బంగారంతో వస్తున్న ఆ ఓడ కరొలైనా తీరానికి దూరంగా తుపానులో చిక్కుకుంది. ఆడవాళ్ళనీ పిల్లల్నీ పడవల్లోకి దించి, తను మాత్రం ఓడతోపాటే మునిగిపోయాడు. నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. మా ఊరికి ఆయన పేరే పెట్టారు. కొత్త చోటు చూడాలని తపించినవాడు, చివరికి నీటికే చిక్కినవాడు. మావాడికి ఈ కథ స్కూల్లో చెప్పారట. “చూశావా, మన ఊరి పేరే ఎక్స్‌ప్లోరర్ పేరు” అని నా మీదే వాదన తిప్పాడు.

*

వాడి వాదనని నేను పూర్తిగా కొట్టేయలేకపోయాను. ఆ రాత్రి కూర్చుని చదివితే, ఇది మావాడితో మొదలైన పిచ్చి కాదని తెలిసింది.

1860ల మొదట్లో నదార్ అనే ఫొటోగ్రాఫర్ పారిస్ నగరం కింద ఉన్న మురుగు సొరంగాల్లోకి బ్యాటరీ దీపాలు మోసుకెళ్ళి ఫొటోలు తీశాడు. చీకటి వల్ల ఒక్కో ఫొటోకి నిమిషాల తరబడి ఆగాల్సి వచ్చేది. అంతసేపు కదలకుండా ఎవరు నిలబడతారని మనుషుల బదులు బొమ్మల్ని నిలబెట్టి తీసిన ఫొటోలున్నాయి. 1862లో వచ్చిన విక్టర్ హ్యూగో నవల లే మిజరబుల్‌లో జా వల్జా గాయపడ్డ కుర్రవాణ్ణి మోసుకుంటూ వెళ్ళేది ఆ సొరంగాల్లోనే. 1867 ప్రపంచ ప్రదర్శన నాటికి జనం వాటిని చూడటానికి వరసలు కట్టారు. ఇప్పటికీ అక్కడ మ్యూజియం ఉంది.

మన కాలానికొస్తే, 1986లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ముగ్గురు కుర్రాళ్ళు కేవ్ క్లాన్ అని ఒక గుంపు మొదలుపెట్టారు. పని ఒక్కటే, నగరం కింద వాన నీటి సొరంగాల్లో తిరగడం. అది ఆ దేశంలో మిగతా నగరాలకీ పాకింది. గుహలు దూరంగా ఉంటాయి, ఇవి కాళ్ళ కిందే ఉన్నాయి, టిక్కెట్టు లేదు. పైన లక్షల మంది తిరుగుతున్నా కింద మనం ఒక్కళ్ళమే ఉంటాం. రోజూ చూసే ఊరికి ఇంకో కడుపు ఉందని తెలియడం ఎంత ఉత్సాహంగా ఉంటుందో, చిన్నప్పుడు అటక మీదికి ఎక్కిన ఎవరికైనా తెలుస్తుంది. తడబడకుండా ఒప్పుకోవాలి, అందులో ఆకర్షణ ఉంది. లేదని పిల్లలకి చెబితే, తర్వాత చెప్పే ప్రమాదాన్ని కూడా నమ్మరు.

ఆ కేవ్ క్లాన్ వాళ్ళకే ఒక నియమం ఉంది: వాన వస్తే కాలవలోకి పోకూడదు. జీవితమంతా అందులోనే తిరిగినవాళ్ళు పెట్టుకున్న మొదటి నియమం పోలీసుల గురించి కాదు, పాముల గురించి కాదు. వాన గురించి.

*

పొద్దున్నే నాన్న కిరాణా బిల్లు వెనక్కి తిప్పి పెన్ను పట్టుకున్నారు. మనవణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. తిట్టలేదు. లెక్క చెప్పారు.

“మీరు వెళ్ళిన గొట్టం ఎంత వెడల్పు?”

“నాలుగడుగులు ఉంటుంది.”

“మీరు ఎంత దూరం వెళ్ళారు?”

“రెండు వందల మీటర్లు.”

“మీ కాలనీ ఎన్ని ఎకరాలు?” దీనికి నేను ఫోన్‌లో మ్యాప్ చూసి చెప్పాను. ఆ గొట్టంలోకి వాలు ఉన్న భాగం అటూఇటూగా ఇరవై ఎకరాలు.

“ఎకరం నేల మీద అంగుళం వాన పడితే లక్ష లీటర్ల పైన నీళ్ళు. ఇరవై ఎకరాలకి ఇరవై లక్షల లీటర్లు. పొలమైతే సగం పైన నేల తాగేస్తుంది. ఇక్కడ కప్పులూ, రోడ్లూ, పార్కింగులూ. తాగే నేల ఏదీ? వచ్చిందంతా మీ గొట్టంలోకే రావాలి, అదీ నిమిషాల్లో.”

తర్వాత మానింగ్ సూత్రం వేశారు. ఇరవై ఏళ్ళుగా వాడని సూత్రం, ఒక్క అంకె మర్చిపోలేదు. నూటికి ఒక అడుగు వాలుతో నాలుగడుగుల సిమెంటు గొట్టం నిండా పారితే నీటి వేగం సెకనుకి మూడున్నర మీటర్లు. “నడుం వంచి, తడి సిమెంటు మీద, చీకట్లో, నువ్వు నిమిషానికి ముప్ఫై మీటర్లు నడిస్తే గొప్ప. బయటికి రావడానికి నీకు ఏడు నిమిషాలు కావాలి. నీళ్ళకి ఒక్క నిమిషం చాలు.”

మావాడు ఆ కాగితం తనవైపు లాక్కుని ఇంకోసారి లెక్క వేశాడు. తప్పు దొరకలేదు.

“కానీ మేం వెళ్ళేముందు ఫోర్‌కాస్ట్ చూశాం తాతయ్యా.”

“ఎంత శాతం అంది?”

“థర్టీ.”

ముప్ఫై శాతం. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కడుపులో ఒక రాయి ఉండిపోయింది. వేసవిలో ఇక్కడి వానల సంగతి ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. మధ్యాహ్నం మూడింటిదాకా ఎండ చంపేస్తుంది. నాలుగింటికి పడమట మబ్బు లేస్తుంది, నాలుగుంపావుకి కుండపోత. 2019 జులై 8న వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయం దగ్గర ఒక్క గంటలో మూడంగుళాల పైన పడింది. ఆ రోజు కార్ల కప్పుల మీద నిలబడ్డ మనుషుల్ని టీవీలో చూశాం. ఈ వైపు గొట్టాలని సాధారణంగా పదేళ్ళకోసారి వచ్చే స్థాయి వానకి సరిపడేలా కడతారు. అంతకు మించిన వాన వచ్చిందంటే గొట్టం అంచులదాకా నిండుతుంది. అందులో మనిషికి తల పెట్టుకునేంత గాలి కూడా మిగలదు.

అంత నీళ్ళు కూడా అక్కర్లేదు. ఆరంగుళాల లోతున జోరుగా పారే నీరు పెద్దమనిషిని కూడా పడదోయగలదని అమెరికా వాతావరణ శాఖ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. గొట్టం అడుగున నాచు పట్టి ఉంటుంది, పట్టుకోవడానికి అంచు ఉండదు. పైన మ్యాన్‌హోల్ మూత ఉంటుంది కానీ అది మణుగుల బరువు. దాని మీద ఎవరి కారు ఆగి ఉందో లోపల ఉన్నవాడికి తెలియదు. ఫోన్ సిగ్నల్ ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆకాశం కనిపించదు. వాన మొదలైందని ఊళ్ళో అందరికీ తెలుస్తుంది, వాళ్ళకి తప్ప.

*

రెండోది గాలి. దీని గురించి నాకు అసలు తెలియదు. చదివాక భయం ఇంకాస్త పెరిగింది.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతానికి కొంచెం తక్కువ. అది 19.5 శాతం కన్నా తగ్గితే అక్కడ మనిషి పనిచేయకూడదని అమెరికా కార్మిక భద్రతా నిబంధన. ఆకులు కుళ్ళినా, జంతువు చచ్చినా మూసుకున్న గొట్టంలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఎవరో కారు ఆయిలో, పెట్రోలో వీధి సందులో ఒంపేస్తే దాని ఆవిరి గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. మురుగు కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది కదా, వాసన వస్తే పారిపోవచ్చు అనుకుంటాం. గాలిలో అది పది లక్షల పాళ్ళకి వంద పాళ్ళదాకా చేరితే ముక్కు మొద్దుబారి, వాసనే తెలియకుండా పోతుంది. వాసన పోయిందంటే ప్రమాదం పోయిందని కాదు, దగ్గరికొచ్చిందని.

ఇంకో సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్ళలో 60 శాతానికి పైగా, లోపల పడ్డవాణ్ణి కాపాడటానికి దిగినవాళ్ళేనని 1986లో అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నయాష్ హెచ్చరించింది. మావాడి వీడియోలో ముగ్గురున్నారు. ఒకడు పడిపోతే మిగతా ఇద్దరూ ఏం చేసేవాళ్ళో నాకు బాగా తెలుసు. మంచి పిల్లలు. పరిగెత్తుకెళ్ళేవాళ్ళు.

అందుకే ఇక్కడ ఈ పనిమీద లోపలికి దిగే కార్మికులకి గాలి కొలిచే మీటరు, నడుముకి తాడు, పైన ఆ తాడు లాగే ముక్కాలి ఉంటాయి. అన్నిటినీ మించి, పైన ఒక మనిషి ఉంటాడు. అతను ఏం జరిగినా లోపలికి దిగకూడదు, అక్కణ్ణించి కదలకూడదు. అతని ఉద్యోగమే పైన నిలబడటం. ఇది చదివి వినిపిస్తే నాన్న “ఆఁ... పైన నిలబడే మనిషి” అని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

*

మన దగ్గర ఈ సరదా ఎందుకు లేదని మావాడు అడిగాడు. ముందు మాటలు చూడండి. మా వైపు సైడు కాలవ అంటాం, తెలంగాణలో మోరి, హైదరాబాదులో పెద్దదైతే నాలా. ఇవన్నీ వాన నీటికీ మురుగుకీ కలిపి వాడే మాటలే. వాన నీటి కాలవకి విడిగా మాట లేదు, ఎందుకంటే మన ఊళ్ళలో చాలాచోట్ల అది విడిగా లేదు. రెండూ కలిసే పారతాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలమంది పోయాక, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన సలహాల ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఊరికి భూగర్భ మురుగు వ్యవస్థ కూడా ఆయన ఆలోచించిందే. తర్వాత ఊరు పెరిగింది, చెరువులు తగ్గాయి, నాలాల మీద ఇళ్ళు లేచాయి. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు నేను అక్కడే హాస్టల్లో ఉన్నాను. మోకాళ్ళలోతు నీళ్ళలో ముందు నడిచే అమ్మాయి చీపురుకర్రతో నేల తడుముతూ వెళ్ళేది, మేం ఆమె అడుగులో అడుగు వేసేవాళ్ళం. తెరిచున్న మ్యాన్‌హోల్‌లో ఎవరో చెట్టుకొమ్మ గుచ్చి పెట్టేవారు. ఆ కొమ్మే మాకు హెచ్చరిక బోర్డు.

అలా కొమ్మ లేనిచోట పడినవాళ్ళున్నారు. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద బయల్దేరిన ఒక చిన్నపిల్ల. 2021 సెప్టెంబరులో మణికొండలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాలప్యాకెట్ కోసం వెళ్ళిన ఒక పాప. వీళ్ళెవరూ సాహసానికి వెళ్ళలేదు. రోడ్డు మీద నడిచారంతే.

లోపలికి దిగేవాళ్ళు కూడా మన దగ్గర లేకపోలేదు. దిగక తప్పనివాళ్ళు దిగుతున్నారు. కోలార్ బంగారు గనుల ఊళ్ళో, తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్ పేరుతో దశాబ్దాలుగా పోరాడుతున్నది వాళ్ళ కోసమే. 2016లో ఆయనకి మెగసెసే పురస్కారం వచ్చింది. రక్షణ లేకుండా మనుషుల్ని మురుగు గొట్టాల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవారి కుటుంబాలకి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటే చావులు ఆగలేదని అర్థం.

ఇదంతా నేను మావాడికి చెబుతుంటే నాన్న మధ్యలో లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

*

ఆ రాత్రి వాడు పడుకున్నాక నాకు చెప్పారు. ఎనభైల్లో సంగతి. నేను మూడో క్లాసు.

డెల్టాలో ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. జూన్‌లోనో జులైలోనో మళ్ళీ వదులుతారు. కట్టేసిన కాలవలో పిల్లలు క్రికెట్ ఆడతారు, తూముల్లో ఈ చివర దూరి ఆ చివర తేలతారు. నేనూ దూరాను. వదిలే రోజు ముందే ఊళ్ళో దండోరా వేసేవారు, ఇక ఎవ్వరూ దిగేవాళ్ళు కారు. తలుపు లస్కరు చేతిలో ఉంటుంది. ఆ లస్కరు ఎవరో ఊరందరికీ తెలుసు.

ఆ ఏడు కాలవ వదిలిన పదిరోజులకి ఒక తూములో తాటిదుంగ అడ్డంపడింది. దిగువ రైతులకి నీళ్ళందక గొడవ. నాన్న వెళ్ళి, షట్టరు దించమని లస్కరుకి చెప్పి, ఒక కూలీ మనిషిని లోపలికి వెళ్ళి దుంగ కదపమన్నారు. అతను తువ్వాలు నడుముకి చుట్టుకుని దూరాడు. ఈలోగా అవతలి గట్టు మీద రైతులు కొట్టుకుంటున్నారని కబురొస్తే, నాన్న, లస్కరు ఇద్దరూ అటు పరిగెత్తారు. షట్టరు దగ్గర ఎవరూ లేరు. నీళ్ళెందుకు ఆపారో తెలియని ఎవరో రైతు కోపంగా వచ్చి తలుపు ఎత్తేశాడు.

“బతికాడమ్మా. దుంగతోపాటు అవతల వచ్చి పడ్డాడు. భుజం ఎముక విరిగింది, వీపంతా చెక్కుకుపోయింది. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను. రిజిస్టర్లో మాత్రం రాయలేదు. రాస్తే నా ఉద్యోగానికి మాట వస్తుందని.”

నేనేం మాట్లాడలేదు.

“తర్వాత సంతలో ఎప్పుడు కనపడినా, బాగున్నారా అయ్యగారూ, అని అతనే పలకరించేవాడు. ఆ చెయ్యి పైకి లేచేది కాదు. నేను దించమన్నాను, దింపారు. తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టడం మర్చిపోయాను. ఇన్నేళ్ళయింది, వాన చప్పుడు వింటే నాకు ఆ తలుపే గుర్తొస్తుంది.”

అప్పుడు అర్థమైంది, మొదటిరోజు ఆయన ఆ ప్రశ్న ఎందుకడిగారో. కాలవ తూముకి తలుపు లస్కరు చేతిలో ఉంటుంది. అతన్ని బతిమాలుకోవచ్చు, కేకేయవచ్చు, తలుపు దగ్గర మనిషిని కాపలా పెట్టవచ్చు. మా వీధి కింద గొట్టానికి తలుపు ఆకాశం చేతిలో ఉంది. అది దండోరా వేయదు. మనం దాన్ని ఖాళీ గొట్టం అనుకుంటాం కానీ అది ఖాళీగా ఉన్న చోటు కాదు. నీళ్ళు కాసేపు బయటికెళ్ళిన వాగు. ఎప్పుడు తిరిగొస్తుందో అదే నిర్ణయించుకుంటుంది.

*

మరో వారానికి వాన వచ్చింది. ఉరుములు లేని వాన, కానీ గట్టిగా పడింది. నాన్న గొడుగు తీసుకుని “పదరా” అన్నారు. ముగ్గురం వాగు మీది కాలిబాట వంతెన మీద నిలబడ్డాం. అక్కణ్ణించి ఆ గొట్టం నోరు కనిపిస్తుంది.

మామూలు రోజుల్లో అందులోంచి బొటనవేలంత ధార కారుతుంది. ఆ రోజు ముప్పాతిక గొట్టం నిండి, టీ రంగు నీళ్ళు బయటికి ఎగిరి దూరంగా పడుతున్నాయి. సీసాలు వచ్చాయి, కొమ్మలు వచ్చాయి. ఒక బాస్కెట్‌బాల్ తుపాకీ గుండులా వచ్చి వాగులో పడి కనపడకుండా పోయింది. మావాళ్ళు గుర్తుగా లోపలి గోడ మీద మోకాలి ఎత్తున నీలం చాక్‌తో మూడు పేర్ల మొదటక్షరాలు రాశారట. “అవి ఇప్పుడు ఎక్కడున్నాయి?” అని నేనడగలేదు. వాడే చూస్తున్నాడు.

చాలాసేపటికి “వాన తగ్గితే నీళ్ళు కూడా వెంటనే తగ్గుతాయా?” అని అడిగాడు. రేపటికి మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఎండిపోతుందన్నారు తాతయ్య. అదే దాని మోసం అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు దార్లో మనవడికి కూడా ఆ తాటిదుంగ సంగతి చెప్పారు. నాకు చెప్పినట్టే, ఏమీ దాచకుండా, రిజిస్టరు సంగతితో సహా. వాడు అంతా విని, “ఆయన పేరేంటి తాతయ్యా?” అని అడిగాడు.

నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. నాన్న ఆగి, వానలో నిలబడి, ఇంటిపేరుతో సహా చెప్పారు. ఆ పేరు మా కుటుంబంలో పలకడం బహుశా అదే మొదటిసారి.

*

మావాడు మళ్ళీ గొట్టంలోకి వెళ్ళలేదు. వెళ్ళనని మాటిచ్చాడు. అనుమతి లేకుండా దూరడం చట్టప్రకారం నేరమని కూడా చెప్పాను, కానీ ఆ మాటకన్నా కిరాణా బిల్లు వెనక లెక్కే వాడికి ఎక్కువ ఎక్కింది. ఆ బిల్లు ఇప్పటికీ వాడి బల్ల మీద ఉంది.

అయితే పిల్లవాడి కుతూహలాన్ని మూత పెట్టి ఊరుకుంటే అది ఇంకో చోట పైకి లేస్తుంది. అందుకని తాతా మనవడూ కొత్త పని పెట్టుకున్నారు. నేల కింద వెళ్ళిన దారినే నేల పైన నడవడం. రెండు శనివారాలు వీధి సందుల నుంచి వాగు దాకా మూత మూతకీ నడిచి, అడుగులు లెక్కపెట్టి, ఒక మ్యాప్ గీశారు. ఏ ఇంటి కప్పు మీద పడ్డ చినుకు ఏ సందులో దిగి ఎక్కడ తేలుతుందో ఇప్పుడు మావాడు చెప్పగలడు. మా పక్కింటావిడ కారు కడిగిన సబ్బు నీళ్ళు ఏ చేపల దగ్గరికి వెళుతున్నాయో కూడా చెబుతున్నాడు. ఆవిడ అంతగా సంతోషించలేదు.

నిజంగా కిందికి దిగాలనుకుంటే దిగే చోట్లున్నాయి. రెండు గంటల దూరంలో లూరే గుహలున్నాయి. పారిస్‌లో మురుగు మ్యూజియం ఉంది. టోక్యో దగ్గర కసుకాబేలో నేలకి యాభై మీటర్ల లోతున ఆరు కిలోమీటర్ల పైన సాగే వరద సొరంగం, యాభై తొమ్మిది స్తంభాలతో గుడి మండపంలాంటి వరద నీటి తొట్టె ఉన్నాయి. వాటిని మనిషి వెంట ఉండి చూపిస్తారు, వాన సూచన ఉంటే ఆపేస్తారు. అంటే తలుపు దగ్గర మనిషి ఉన్నాడన్నమాట. పెద్దయ్యాక వెళతానని మావాడు ఒక జాబితా రాసుకున్నాడు. అందులో కృష్ణా డెల్టాలో ఒక తూము కూడా ఉంది, కాలవలు కట్టేసిన నెలలో.

నాన్న సెప్టెంబరులో తిరిగి వెళ్ళిపోయారు. వెళ్ళిన వారానికి ఫోన్ చేసి, ఆ మనిషి ఊరు వెళ్ళి వచ్చానని చెప్పారు. అతను లేడు, పోయి ఆరేళ్ళయిందట. కొడుకు ఉన్నాడు. “ఏం మాట్లాడావు నాన్నా?” అంటే, “జరిగింది చెప్పాను. మంచినీళ్ళిచ్చాడు” అన్నారు. అంతకు మించి నేనూ అడగలేదు.

ఇక్కడ వేసవి మొదలవుతోంది. పిల్లలకి సెలవులు, మధ్యాహ్నాలు ఖాళీ. మీ ఇంట్లో కూడా ఎవరైనా పిల్లవాడు తన బూట్లు తనే కడుక్కుంటే, ఒకసారి వాసన చూడండి. తిట్టకముందు కూర్చోబెట్టి వీడియో చూపించమనండి. ఆ తర్వాత, తలుపు ఎవరి చేతిలో ఉందో అడగండి.